మూల కాగితం

సోమవారం

ఇవాళ కూడా ఎవరూ నోరు విప్పలేదు.

పొద్దున బొంత చట్రం చుట్టూ కుట్టడానికి కూర్చున్నప్పుడు అందరూ తలలూపినవాళ్లే. "అడుగుదాం, ఎందుకడగం, కళ్లేమన్నా అద్దెకి తెచ్చుకున్నామా" అంది పొడుగక్క. కుట్టేవాళ్లలో ఆవిడే పెద్ద, ఆవిడ అంటే అందరూ అన్నట్టే. అంతలో ఓనరు వచ్చాడు. బొంత అంచుని రెండు వేళ్లతో నొక్కి చూశాడు, లోపల దూది సమంగా పడిందా లేదా అని. నేను పొడుగక్క వంక చూశాను. ఆవిడ సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది. ఎక్కిన దారాన్నే లాగేసి మళ్లీ ఎక్కించుకుంది. వాగుడుకి మేం చిలక అని పేరు పెట్టినావిడ దగ్గింది. రోజంతా వాగే నోరు, సమయానికి దగ్గడానికే పనికొచ్చింది. మా పెద్దమ్మయితే తలే ఎత్తలేదు.

చివరికి నేనే అన్నాను. "సార్, ఆ కిటికీకి కొట్టిన చెక్క తీయించండి. పొద్దస్తమానం ట్యూబులైటు కింద కుట్టి కుట్టి అందరికీ కళ్లు కారుతున్నాయి."

ఓనరు కిటికీ ఉండాల్సిన గోడ వైపు చూశాడు. "ఎండ తగిలితే గుడ్డ రంగు వెలుస్తుందమ్మా" అన్నాడు. అని ఊరుకోకుండా అందరి వైపూ తిరిగి, "ఏమ్మా, మీకేమన్నా ఇబ్బందిగా ఉందా?" అని అడిగాడు.

సూదులన్నీ ఒక్కసారిగా గుడ్డలోకి దిగాయి.

"చూశావా లాయరమ్మా" అన్నాడు నాతో. అందరూ నవ్వారు. ఓనరు నవ్వితే సరే, నా వాళ్లే నవ్వారు.

భోజనాల దగ్గర, యూనియన్‌వాళ్లు పంచిన కరపత్రం చదివి వినిపించాను. వెలుతురు, గాలి, విశ్రాంతి యజమాని దయాధర్మం కాదు, శ్రామికుల హక్కు అని అందులో నల్లటి అక్షరాల్లో ఉంది. పొడుగక్క శ్రద్ధగా విని, "బాగా రాశాడమ్మా, అక్షరాలు కూడా గుండ్రంగా ఉన్నాయి" అంది.

ఇంటికి వస్తూ దారంతా పెద్దమ్మ తిట్లు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"కారేది నీ కళ్లే కదా పెద్దమ్మా!"

"కారితే తుడుచుకుంటాను. కొంగు ఉంది నాకు."

ఇలాంటి జనాన్ని మేల్కొలపాలి.

మంగళవారం

మా కుట్టుగదికి బొమ్మలు గీసేది పెదనాన్నే. ఇవాళ బీరువాలోంచి మూల కాగితం తీశాడు.

కొత్త హోటల్‌వాళ్ల బొంతకి నాలుగు పక్కలా అంచు తీగ కుట్టడం అయిపోవచ్చింది. ఎవరైనా మూలల నుంచి మొదలుపెట్టి పక్కలకి వస్తారట, కొలత తప్పినా సర్దుకోవచ్చని. పెదనాన్న పద్ధతి తిరకాసు. పక్కలు ముందు, మూలలు చివర. కొలత అంత గట్టిగా వేస్తాడు కాబట్టి పక్క తీగ సరిగ్గా మూల దగ్గరికొచ్చి చెయ్యి చాపుకుని నిలబడుతుంది. అప్పుడు మూల కాగితం పరుస్తాడు. పక్కల పొడవునా వాడే నిడుపు కాగితమైతే ఒకటే, జరుపుకుంటూ పోవచ్చు. తీగ మలుపు తిరిగే చోటికి మాత్రం దాని కాగితం దానికి ఉండాలి. ఆ మలుపు గీయడానికి ఆయనకి ఒక చలికాలమంతా పట్టింది. గీత వెంట సూదితో గుచ్చి, నలగకుండా మైనం పూసి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు గుడ్డలో చుట్టి పెట్టుకుంటాడు. సుద్దపొడి మూటతో పైన తడితే చాలు, చిల్లుల్లోంచి గుడ్డ మీదికి చుక్కలు దిగుతాయి. మేం ఆ చుక్కల వెంట కుట్టుకుంటూ పోతాం. మూడు పొరల్లోంచి సూది దించి, కింద వేలికి తగలగానే పైకి లేపాలి. తగలకపోతే కుట్టు పడనట్టే. అందరి ఎడమచేతి వేళ్లూ జల్లెళ్లే.

పెదనాన్న కాగితాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని నన్ను పిలిచాడు. "ఇలా రా తల్లీ. చూడు, తీగ తన మీంచి తానే దాటి అవతలికి పోతోంది. ఎక్కడన్నా తెగిందా?"

"లేదు."

"మరి?" అని మీసాల్లో నవ్వుకున్నాడు.

"ఇంత చేసి, బొంత మీద ఎవరి పేరుంటుంది పెదనాన్నా? ఓనరుదేగా?"

"తీగకి పేరెందుకే పిచ్చిమొహమా."

ఇదీ వరస. అమ్మ పోయిన దగ్గర్నుంచి నన్ను పెంచిన మనిషి, నన్ను బడిలో వేసిన మనిషి, నాకు అక్షరం మీద మోజు పుట్టించిన మనిషి. ఆయనకే తన చేతి విలువ తెలీదు. ఆయన చెయ్యి ఆగితే ఈ గది ఆగిపోతుంది. ఆ సంగతి ఓనరుకి తెలుసు, ఆయనకి తెలీదు.

ఆగిపోతుంది. ఈ మాట రాశాక కాసేపు కలం పక్కన పెట్టాను.

బుధవారం

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని అడిగితే చిలక, "నువ్వు కట్టావుగా మొన్న, పిల్లి గంట చూసి ముచ్చటపడి వెళ్లిపోయింది" అంది. పగలబడి నవ్వారు. పెద్దమ్మ కూడా.

వీళ్లంతట వీళ్లు పని ఆపరు. చెయ్యి ఖాళీగా ఉంటే భయం వీళ్లకి. అదే పని తనంతట తాను ఆగిపోతే? గుడ్డ ముందుంది, దారం ఉంది, కుట్టడానికి చుక్కలు లేవు. అప్పుడు వీళ్లు ఏం చేస్తారు? చేతులు కట్టుకుని కూర్చుంటారు. కూర్చున్నాక పక్కవాళ్ల కళ్లు చూస్తారు. ఓనరు పరుగెత్తుకొస్తాడు. హోటల్ తెరిచే రోజు తరుముకొస్తోంది. అప్పుడు కిటికీ మాట ఎత్తితే నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తాను.

పనిముట్టు పనివాళ్లది. ఇది నా మాట కాదు, చదివిందే. పనివాళ్ల వస్తువుని పనివాళ్ల కోసం పక్కన పెట్టడం దొంగతనం ఎలా అవుతుంది?

పెదనాన్న ఎలాగూ అర్థం చేసుకుంటాడు.

గురువారం

తీశాను.

గురువారం, సాయంత్రం

రాయాలి. రాస్తే వరసగా కనబడుతుంది.

భోజనాలయ్యాక పెదనాన్న పాత గుడ్డముక్క మీద ఒక మూల దించి చూసుకున్నాడు. కాగితాన్ని దులిపి, బల్ల మీద పెట్టి, తెల్లటి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను లేచాను. బల్ల నాలుగు అడుగుల దూరం కూడా ఉండదు. మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. దాచాలనే అనుకున్నాను. పెద్దమ్మ పెట్టె అడుగున, పాత చీరల మధ్య. కిటికీ తెరుచుకున్న రోజున తెచ్చి ఆయన చేతిలోనే పెడదామని. దేవుడి తోడు, అంతే అనుకున్నాను.

ఆయన వచ్చి బల్ల చూశాడు. బీరువా చూశాడు. నడుముకున్న తాళంచెవి తడుముకున్నాడు. బల్ల కిందకి వంగాడు. మళ్లీ బీరువా. "ఇక్కడే పెట్టాను కదా" అన్నాడు. తర్వాత, "లోపల పెట్టేశానా?" అన్నాడు. అది మమ్మల్ని అడిగినట్టు లేదు.

ఓనరు రావడం, గేటు వేయించడం, సంచులూ వొళ్లూ చూడాల్సిందే అనడం చకచకా అయిపోయాయి. నేను బాత్రూముకి వెళ్లాను. చేతికి చిక్కితే పోరాటం పుట్టకముందే చచ్చిపోతుంది కదా. చింపాను. మైనం పూసిన కాగితం, ఎంత చించినా మునగదు. మగ్గు మీద మగ్గు పోస్తుంటే గుండ్రంగా తిరిగి పైకి వస్తుంది. ఒక ముక్క నా వేలికి అంటుకుంది. చిల్లులతో సహా.

బయటికి వచ్చేసరికి ఓనరు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "బల్ల దగ్గరికి ఎవరు లేచారు?"

నా వంతు రాకముందే పెద్దమ్మ అంది. "మా పిల్ల భోజనాల దగ్గర్నుంచి నా పక్కనుంచి కదల్లేదు. ఇప్పుడే బాత్రూముకి వెళ్లింది."

పెద్దమ్మ సరిగ్గా చూసుకోలేదు. తల వంచుకుని కుట్టుకుంటుంది కదా. మంచిదే అయింది.

రేపు పని ఆగుతుంది.

శుక్రవారం

ఆగలేదు.

ఆగలేదు! ఎంతసేపు ఆగిందంటే టీలు తాగినంతసేపు. నేను అప్పటికే లేచి నిలబడ్డాను. "ఇదే అదను, అందరం ఒక్కమాట మీద ఉందాం" అంటున్నాను. నా వెనకాల ఏదో సందడి. తిరిగి చూస్తే పొడుగక్క ఒక పాత న్యూస్‌పేపరుని ఐమూలగా మడుస్తోంది.

"ఇదిగో చిలకా, నిడుపు కాగితం ఇలా తే" అంది.

మడత వెంట గుడ్డ మీద సుద్దతో ఒక గీత గీసింది. ఇటు నుంచి వచ్చే తీగని ఆ గీత దాకా దించింది. తర్వాత కాగితాన్ని బోర్లా తిప్పింది. చిల్లులకి ముందూ వెనకా ఏముంది, రెండు వైపులా చిల్లులే. అటు నుంచి వచ్చే తీగని కూడా అదే గీత దాకా దించింది. రెండు తీగలూ అద్దంలో చూసుకున్నట్టు గీత దగ్గర ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. మూల కుదిరిపోయింది.

"అమ్మో అమ్మో, ఏం బుర్రే నీది!" అని చిలక చప్పట్లు కొట్టింది. పొడుగక్క మొహం చూడాలి. పెళ్లికూతురికి కూడా అంత సిగ్గు ఉండదు.

"ఆపండి. మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా? కాగితం లేదు. పని ఆపే హక్కు మనకి ఇప్పుడు..." అన్నాను.

"కాగితం లేకపోతే?" అంది పొడుగక్క. నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూసింది. "మూల కలవని బొంత మన చేతి మీదుగా ఎలా పోతుందే? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

చూసేవాళ్లెవరు? హోటల్లో పడుకునేవాళ్లా? వాళ్లు నిద్రపోతారు! ఆ మాటే అరిచాను. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టింది.

ఓనరు భయపెట్టి చేయించలేదు, ఆశ పెట్టి చేయించలేదు. ఆయన గదిలోనే లేడు. వీళ్లే చేశారు. వీళ్ల పొగరు చేయించింది. దీని గురించి ఏ కరపత్రంలోనూ ఎవరూ రాయలేదేం?

పెదనాన్న మాత్రం బీరువా లోపలి అరలన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం నుంచి అలాగే.

శనివారం

ఇంట్లో కూడా వెతుకుతున్నాడు. డబ్బాలు బోర్లించాడు. పరుపు కింద చూశాడు. పక్కింటివాళ్లకి ఇచ్చిన పాత పత్రికల కట్ట తిరిగి తెచ్చుకున్నాడు.

"ఇంటికి ఎందుకు తెస్తావయ్యా? ఎప్పుడన్నా తెచ్చావా?" అంది పెద్దమ్మ.

"తేలేదు. అంటే, తెచ్చినట్టు గుర్తులేదు. గుర్తుండటం మీదే అనుమానంగా ఉంటే ఇంకేం చెప్పను" అన్నాడు. భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, "నేను తిన్నానా?" అన్నాడు.

పెద్దమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"వేళాకోళం ఆడానే" అని నవ్వాడు. మేం కూడా నవ్వాం.

ఆదివారం

చెప్పేస్తే ఏమవుతుంది? ఓనరుకి తెలుస్తుంది. కుట్టేవాళ్లు దొంగలు అంటాడు. పోరాటం మొత్తానికి మచ్చ. ఒక్క మనిషి నాలుగు రోజులు చికాకు పడటం, అందరి మీదా మచ్చ పడటం, రెండూ తూకం వేస్తే ఏది బరువో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది.

ఆయన మరిచిపోతాడు. కాగితం సంగతి.

సోమవారం

బొంత చట్రం మీంచి దిగింది. అంచు మడిచి కుట్టడం కూడా అయిపోయింది. పెదనాన్న వచ్చి మూల దగ్గర వంగి చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు.

"రెండు మేకలు కుమ్ముకుంటున్నట్టుంది" అన్నాడు మెల్లగా.

పొడుగక్క మొహం మాడిపోయింది. ఆయన వెంటనే, "కుట్టు మాత్రం అద్భుతం అమ్మా, నేను బొమ్మ సంగతి అంటున్నా" అన్నాడు. తనని నిండా ముంచినవాళ్లని కూడా బుజ్జగించే మనిషి.

హోటల్‌వాళ్లు చూశారు, బావుందన్నారు, పట్టుకుపోయారు. మూలలు చూడనేలేదు.

సాయంత్రం ఓనరు కుర్చీ తెప్పించి పెదనాన్నని కూర్చోబెట్టాడు. టీ ఇప్పించాడు. తిట్టి ఉంటే బావుండేది. తిడితే నేను లేచి ఏదైనా అని ఉండేదాన్ని.

"పెద్దాయనా, ఎన్నేళ్లుగా చేస్తున్నారు! ఇంక చాల్లెండి, ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోండి. కాగితాలు ఉన్నవి ఉన్నాయి. లేకపోయినా మన ఆడవాళ్లు ఎలాగో లాక్కొస్తున్నారు కదా."

పెదనాన్న ఎదురు చెప్పలేదు. "నిజమే బాబూ. మీరు కాబట్టి ఇన్నాళ్లు ఊరుకున్నారు. రేపు ఇంకేం పారేస్తానో" అన్నాడు. నడుముకున్న తాళంచెవి విప్పడానికి ముడి రాలేదు. పెద్దమ్మ వెళ్లి పళ్లతో విప్పింది.

నేను చూస్తూ ఉన్నాను. నిజం చెప్పడానికి నాకు భయం లేదు. ఆ సమయం సరైంది కాదు, అంతే.

బుధవారం

ఏమీ లేదు. రాసేందుకు ఏమీ లేదు.

శనివారం

చచ్చేంత నవ్వొచ్చే సంగతి. బీరువా పక్కన పెదనాన్న బల్ల ఖాళీ అయింది కదా, అక్కడ సరుకు పెట్టుకోవడానికి అరలు కావాలట ఓనరుకి. చెక్క ఎక్కడుంది? కిటికీకి ఉంది! వడ్రంగి వచ్చి మేకులు పీకి, చెక్క ఊడదీసి, కోసి అరలు కొట్టేశాడు. కిటికీ తెరుచుకుంది. ఎవరూ అడగకుండా, ఎవరూ పోరాడకుండా, బల్లపరుపుగా ఎండ వచ్చి గది మధ్యలో పడింది.

నేను సూది పట్టుకుని అలా ఉండిపోయాను. ఏడుపో నవ్వో తెలీలేదు.

"అబ్బా, కళ్లలో పడుతోందే" అంది చిలక.

"తెల్లగుడ్డ మీద ఎండ పడితే కుట్టు కనపడి చావదు" అంది పొడుగక్క. మధ్యాహ్నానికల్లా పాత దుప్పటి ఒకటి తెచ్చి, నాలుగు మేకులు కొట్టి, కిటికీకి వేలాడదీశారు. మేకులు పెద్దమ్మే అందించింది.

"నీ హక్కు వల్ల నాకు ఎండదెబ్బ తగిలేలా ఉందే లాయరమ్మా" అంది చిలక. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను అనుకుంటా.

మంగళవారం

పెదనాన్న మూల మళ్లీ గీస్తున్నాడు. ఎవరి కోసమూ కాదు. "గీయగలనో లేదో చూసుకుందామని" అంటాడు. పొద్దున మేం వెళ్లేటప్పుడు కాగితం ముందు కూర్చుంటాడు, సాయంత్రం వచ్చేసరికి అక్కడే. తీగ దాటే చోటికి వచ్చి ఆగిపోతున్నాడు. ఏ కొమ్మ పైన, ఏ కొమ్మ కింద అని. ఇవాళ నన్ను అడిగాడు. నేను చెప్పాను. పైన ఎడమ వైపుది అని.

"అవునా? నీకెలా తెలుసు?"

"నువ్వే చూపించావుగా ట్యూబులైటు కింద."

"చూపించానా?" అన్నాడు. గీయలేదు. పెన్సిలు పక్కన పెట్టాడు.

గురువారం

టీకొట్టుకి వెళ్లడం మానేశాడు. దారి తప్పుతానేమో అంటాడు. వీధి చివర ఉంది టీకొట్టు. ఇంట్లోంచి కనపడుతుంది.

ఆదివారం

చెప్పేశాను.

చెప్పాలని కూర్చుని చెప్పలేదు. భోజనాల దగ్గర పెదనాన్న జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి పెద్దమ్మ ముందు పెట్టాడు. "ఇది నా దగ్గర వద్దు. నన్ను నమ్మకండి" అన్నాడు. ఉప్పు అందివ్వమన్నంత మామూలుగా.

నాకు ఒళ్లు మండిపోయింది. కంచం తోసేశాను. "ఎందుకిలా చేస్తున్నావు? నీకేం కాలేదు. నీ బుర్ర నిక్షేపంలా ఉంది. కాగితం నువ్వు పారేయలేదు. నేను తీశాను. నేనే!"

పెదనాన్న నా వైపు చూశాడు. ఆ చూపు వర్ణించడం నాకు రాదు. ఆయన కళ్లలో ఒక్క క్షణం ఏదో లేచింది, నిద్రలోంచి ఎవరో పిలిస్తే లేచినట్టు. తర్వాత మళ్లీ కూర్చుంది.

"ఇలా రా" అన్నాడు. వెళ్లాను. తల మీద చెయ్యి వేశాడు. "అబద్ధం ఆడటం కూడా రాదే నీకు. ఆ రోజు నువ్వు లేవనే లేదని మీ పెద్దమ్మ అందరి ముందూ చెప్పిందిగా."

"పెద్దమ్మ చూసుకోలేదు! నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు తీశాను. చింపి బాత్రూములో పోశాను. మైనం కాగితం మునగలేదు, మగ్గుల కొద్దీ నీళ్లు పోశాను."

"ఎందుకు తీశావు మరి?"

"కిటికీ కోసం."

అన్నాక నాకే వినపడింది అది ఎలా ఉందో.

పెదనాన్న నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు, పళ్లన్నీ కనపడేలా. "కిటికీ కోసం కాగితం! విన్నావటే? ఎంత బాగా అల్లిందో చూడు. ముసలాడి మొహం నిలబెట్టాలని దొంగతనం తన మీద వేసుకుంటోంది నా తల్లి."

నేను పెద్దమ్మ వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. నేను లేచానా లేదా?"

పెద్దమ్మ నా కళ్లలోకి సూటిగా చూసింది. చూసుకోకపోవడం కాదు అది. ఆ రోజు కూడా కాదు.

"నా పక్కనే ఉన్నావు. కదల్లేదు" అంది. "తిను. చల్లారిపోతోంది."

ఆదివారం, సాయంత్రం

వంటగదిలో పట్టుకున్నాను. "నీకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు."

గిన్నెలు తోముతోంది. తోముతూనే ఉంది.

"నీ మొగుడే కదా! ఆయనకి పిచ్చి పట్టిందని ఆయనే అనుకుంటుంటే చూస్తూ ఎలా కూర్చున్నావు?"

"గొంతు తగ్గించు."

"తగ్గించను."

చేతులు కొంగుకి తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనుకున్నాను.

"మతిమరుపంటే వయసు అనుకుంటాడు. అది అందరికీ వచ్చేదే. ఏదో రకంగా బతుకుతాడు" అంది. "చేతులారా పెంచినది తన చేతిపనిని చింపి బాత్రూములో పోసిందని నమ్మితే? అప్పుడెలా బతుకుతాడో నువ్వు చెప్పు. చదువుకున్నదానివి కదా, చెప్పు."

నేను తోమిన గిన్నె ఒకటి తీసి బోర్లించాను.

"ఇంకోసారి ఆ మాట ఆయన ముందు ఎత్తావంటే నా మీద ఒట్టే" అని గిన్నెల దగ్గరికి వెళ్లిపోయింది.

సోమవారం

పెద్దమ్మ చెప్పిందో, పెదనాన్న గోడ మీంచి పక్కింటికి చెబితే వచ్చిందో, పనిలో అందరికీ తెలిసిపోయింది. పొడుగక్క నన్ను దగ్గరికి తీసుకుని మెటికలు విరిచింది. "కన్నకూతురైనా ఇంత చెయ్యదమ్మా. తప్పు నెత్తిన వేసుకోవడమంటే మాటలా" అంది. చిలక కళ్లు తుడుచుకుంది. ఓనరు కూడా విన్నట్టున్నాడు. నా వెనక ఆగి, "కోపం ఎక్కువ గానీ మనసు వెన్న" అని పొడుగక్కతో అంటూ వెళ్లాడు.

ఇవాళ ఎవరూ లాయరమ్మా అనలేదు.

నేను నిజం చెప్పాను. నమ్మకపోతే అది వాళ్ల ఇష్టం. నా వంతు అయిపోయింది.

బుధవారం

నా వంతు అయిపోయింది.

ఆదివారం

పెదనాన్నకి కళ్లజోడు మార్పించాలి. రానన్నాడు. నేను పక్కన ఉంటే వస్తానన్నాడు. ఈ మధ్య అన్నిటికీ నేనే. గ్యాస్ ఆపానా, చూశావా? మాత్ర వేసుకున్నానా, చూశావా? "మీ పెద్దమ్మని అడిగితే విసుక్కుంటుంది, నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెబుతావు" అంటాడు.

పెద్దమ్మ ముందుగానే వీధిలోకి వెళ్లి ఎవరితోనో మాట్లాడుతోంది. నేను చెప్పులేసుకుని గేటు తీశాను. "తలుపు నేను వేస్తాను" అన్నాడు. చాలా రోజులకి తనంతట తాను అన్న మాట. తాళంచెవి ఇచ్చాను. వెనక్కి తిరిగి చూడకూడదనుకుని నడిచాను. వెనకాలే వచ్చి కలిశాడు. చేతిలో తాళంచెవి ఊపుకుంటూ, కొత్త కళ్లజోడు ఫ్రేము సన్నగా ఉండాలా లావుగా ఉండాలా అని మాట్లాడుతూ నడిచాడు. వీధి మలుపు తిరిగాక ఆగిపోయాడు.

"తలుపు వేశానా?"

"వేసే ఉంటావు."

"ఉంటావు అంటే కాదు." మొహం మళ్లీ అలా అయిపోతోంది. పెద్దమ్మ అటు తిరిగి నిలబడింది.

"ఉండు, చూసొస్తాను" అని తాళంచెవి తీసుకుని పరుగెత్తాను.

తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం కప్ప గుమ్మంలో నేల మీద ఉంది. ఎవరిదో పిల్లి వంటగదిలోంచి నన్ను చూసి కిటికీలోంచి దూకింది.

తాళం కప్ప తీసి దులిపాను. ఈ ఒక్కటీ నేను చేసింది కాదు. ఇది నేను చేయలేదు.

తలుపు వేసి, తాళం వేసి, లాగి చూసి వెళ్లాను. ఇద్దరూ మలుపు దగ్గర అలాగే ఉన్నారు, ఎడంగా.

"వేసే ఉంది పెదనాన్నా."

"తాళం కూడా?"

"తాళం కూడా."

"చూశావా!" అన్నాడు. నాతో కాదు, పెద్దమ్మతో, వీధంతా వినపడేలా. "వేసినట్టు గుర్తుంది నాకు. స్పష్టంగా గుర్తుంది!"